ఎఫ్ 55.2: ఒక అంకె పనితనం

మిరప కోతల రోజుల్లో ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ మెడికల్ షాపు ముందు నిలబడినా సాయంత్రానికి ఈ మాట వినబడుతుంది: "నడుం పట్టేసింది, రెండు బిళ్ళలియ్యి బాబాయ్." చీటీ ఉండదు. రెండు బిళ్ళలు వారానికి సాగుతాయి, వారం సీజనంతా అవుతుంది. ఇది మందుల దుర్వినియోగమేనా? కాదని జాలి అంటుంది, అవునని కోపం అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పదో కూర్పు రాసినవాళ్లు ఈ రెంటికీ లొంగలేదు.

మత్తు పదార్థాలను వాళ్లు ఎఫ్ 10 నుంచి 19 వరకు పేర్చారు: మద్యం 10, నల్లమందు జాతి 11, గంజాయి 12, నిద్రమాత్రలు 13, పొగాకు 17. ఎఫ్ 55 మాత్రం ఆ వరసకు దూరంగా ఉంటుంది. వ్యసనంగా మారని మందుల్ని అతిగా వాడేవాళ్ల కోసం అది. విరేచనాల మందు, నొప్పి మాత్ర, విటమిను, స్టెరాయిడు, ఆఖరికి నాటుమందు కూడా అందులో ఉన్నాయి. నొప్పి మాత్రలది ఎఫ్ 55.2. మత్తెక్కకపోయినా మందు దుర్వినియోగం కావచ్చు, అలాగని మన కోత కూలీని గంజాయి పక్కన నిలబెట్టనూ కూడదు. తాలుకాయల్ని ఏరినంత ఓపిగ్గా చేసిన పని.

నాకు మరీ నచ్చింది 'హానికర వాడకం' నిర్వచనం. ఒంటికో మనసుకో నిజంగా దెబ్బ తగిలి ఉండాలి. ఊరు ఛీ అనడం, పోలీసులు పట్టుకోవడం, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడం వాటికవే రుజువు కావని విడమరిచి రాశారు. రచ్చబండ తీర్పు కేసు షీటులోకి ఎక్కకుండా ఒక్క వాక్యంతో ఆపేశారు.

అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ 2013 కూర్పులోనూ ఇలాంటి జాగ్రత్త ఒకటుంది. మత్తు వాడకం జబ్బుకు మొత్తం 11 లక్షణాలు. ఏడాదిలో రెండు కనబడినా జబ్బే (రెండంటే తొందరపాటని నా అనుమానం). కానీ డాక్టరు చెప్పినట్టే మందు వాడుతున్న రోగికి డోసు చాలకపోవడం, ఆపితే వణుకు రావడం ఆ లెక్కలోకి రావు. మార్ఫిన్ మీదున్న క్యాన్సర్ రోగికి వ్యసనపరుడనే ముద్ర తప్పుతుంది.

2015లో నిజామాబాదు వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, ఉన్నట్టుండి కల్లు ఆగిపోయి జనం వణుకులతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల్లో చేరారు. అందులో నిద్రమాత్రల జాతి ఆల్ప్రజోలం కలుస్తోందని తాగినవాళ్లలో ఎందరికి తెలుసు? పదో కూర్పు నిర్వచనం ఆ ప్రశ్న అడగదు. తెలిసి తాగినా తెలియక తాగినా అది ఎఫ్ 13.3, మానేయడం వల్ల వచ్చిన జబ్బు.

మన దేశంలో 2014 మార్చి నుంచి ఆల్ప్రజోలం, ట్రమడాల్ అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నది విడి రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. అది షెడ్యూల్ హెచ్1. కోత కూలీ మింగే డైక్లోఫెనాక్ ఉత్త హెచ్. చీటీ లేకుండా అమ్మకూడదు గానీ ఆ రిజిస్టరుకు ఎక్కదు. అందుకే ఎఫ్ 55.2 మనిషి లెక్కల్లో దొరకదు. ఏ కడుపు పుండుతోనో, కిడ్నీ దెబ్బతినో ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఇంకేం బిళ్ళలు వేసుకుంటున్నావమ్మా అని డాక్టరు అడిగితేనే బయటపడుతుంది.