తాకట్టుకు పనికిరాని నగ

మీ ఇంట్లో పాత పెళ్ళి ఫొటో ఏదైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. వధూవరుల నుదుట కట్టిన బాసికం కనిపిస్తుంది. మెడలోని బంగారం గురించి ఇంట్లో ఎవరిని అడిగినా తులాల లెక్క చెబుతారు. బాసికం గురించి చెప్పడానికి మాత్రం ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. అట్టముక్క, బంగారు రంగు కాగితం, కొన్ని పూసలు, ఒక దారం: చాలాచోట్ల అంతే. అయినా అది కట్టందే పెళ్ళికూతురికి ఆ కళ రాదు. కాగితపు నగ ఎక్కడో విదేశాల్లో పుట్టిన సరదా అనుకునే విద్యార్థికి నేను ముందుగా చూపించేది ఈ బాసికాన్నే.

కొన్నేళ్ళ క్రితం కోయిలకుంట్లలో విద్యార్థినులు చేసిన కాగితపు నగల ప్రదర్శన చూశాను. వాటిలో రెండింటిని ఇక్కడ పరిశీలిద్దాం. మొదటిది కాసులపేరు. అట్టను గుండ్రంగా కత్తిరించి, బిళ్ళబిళ్ళకూ లక్ష్మి రూపం ఒత్తి, బంగారు రంగు వేసి, పైన వార్నిష్ పూశారు. పనితనానికి వంక పెట్టలేం. పదడుగుల దూరం నుంచి నేనూ మోసపోయాను. రెండోది పట్టెడ. పుస్తకాలకు అట్టలు వేసుకునే ఖాకీ కాగితాన్ని సన్నని కుచ్చిళ్ళుగా మడిచి, ఆ మడతలను దారానికి గుచ్చి, మెడ చుట్టూ నిలబెట్టారు. రంగు లేదు, మెరుపు లేదు. వచ్చినవారంతా కాసులపేరు దగ్గరే ఆగారు.

నేను పట్టెడనే మెచ్చుకుంటాను. కారణం చెప్పాలి కదా. కాసులపేరు అందమంతా బరువులో ఉంది. నడిచేటప్పుడు కాసు మీద కాసు ఒరుగుతుంది, ఒంటి వేడికి వెచ్చబడుతుంది, గుండెల మీద కుదురుగా కూర్చుంటుంది. అట్టబిళ్ళ ఆ పని చేయలేదు. ఫ్యాను గాలికే తిరగబడి తన తెల్లని వీపు చూపిస్తుంది. ఇక మిగిలేది ‘అచ్చం బంగారంలా ఉంది’ అన్న మెప్పు ఒక్కటే. పట్టెడలో కాగితం కాగితంలాగే ప్రవర్తించింది. మడత పడినచోట బిగువు వచ్చింది. మడతకూ మడతకూ నడుమ నీడ పడింది. తల తిప్పితే ఒక పక్క మూసుకుని మరో పక్క విచ్చుకుంది. శిల్పంలో మనం వెతికే రూపం, ఖాళీ, వెలుగునీడలు అన్నీ అందులో ఉన్నాయి. కోయిలకుంట్లకు దగ్గరలోనే ఆళ్ళగడ్డ శిల్పులు విగ్రహాల మెడలో హారాలు చెక్కుతుంటారు. ఆ హారం రాయిగానే అందంగా ఉంటుంది. దానికి బంగారు పూత అక్కరలేదు.

మడతనే నమ్ముకుని చాలా దూరం వెళ్ళిన కళాకారిణి నెదర్లాండ్స్‌కు చెందిన నెల్ లిన్సెన్ (1935-2016). 1980ల నుంచి ఆమె మడిచిన కాగితపు ముక్కలను వరుసగా సాగే దారానికి గుచ్చి కంకణాలు, కంఠహారాలు చేశారు. చేయి కదిలితే కంకణం ఆకారమూ కదులుతుంది.

అలాగని బంగారు కాగితం అతికించిన ప్రతిదాన్నీ నకిలీ అనకండి. వీధినాటకంలో, చిందు యక్షగానంలో వేషగాళ్ళు పెట్టుకునే కిరీటాలు, భుజకీర్తులు చూడండి. తేలికైన పొనికి చెక్క, దానిమీద రంగు కాగితం, అద్దాల ముక్కలు. బంగారమని ఎవరినో నమ్మించడం వాటి పని కాదు. మామూలు మనిషి భుజాలను రెండింతలు చేసి, దీపాల వెలుతురులో దూరాన కూర్చున్నవారికి రాజును చూపించడం వాటి పని. అక్కడ మెరుపు అవసరం. కాసులపేరులో మెరుపు వచ్చింది అట్టను దాచడానికి.

పట్టెడలోనూ లోపాలున్నాయి. మిల్లు కాగితంలో నార ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుంటుంది. ఆ వాలు వెంట మడిస్తే గీత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగిలి నార లేస్తుంది. ఆ అమ్మాయి కొన్ని ముక్కలను అడ్డంగా కత్తిరించింది, అవే ముందుగా చిట్లాయి. వెనక తగిలించిన ఇత్తడి కొక్కెం బరువుకు పట్టెడ మొత్తం మెడ వెనక్కి జారింది. ఇంకో మాట. పురుగు పట్టకుండా బైండింగ్ చేసేవారు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చర్మానికి తగిలే నగలో వాడకండి.

ప్రదర్శన ముగిశాక ఆ అమ్మాయి తల్లి పట్టెడను చేతిలోకి తీసుకుని, ‘బాగుంది గానీ సార్, రేపు కష్టమొస్తే దీన్ని యాడ పెట్టాల?’ అంది. నల్లరేగడిలో శనగ మీద బతికే ఊరు అది. వాన మొహం చాటేసిన ఏడాది ఇంట్లో ఆడవాళ్ళ నగలు బ్యాంకుకు వెళ్తాయి. మా అమ్మ కమ్మలు అలాగే వెళ్ళాయి, తిరిగి రాలేదు. అందుకే ఆ ప్రశ్నకు నవ్వలేకపోయాను. నగ అంటే కరువుకు దాచుకున్న పైకం అనుకునేచోట కాగితపు నగ గురించి మాట్లాడేవాడు దాన్ని దాటవేయకూడదు. పట్టెడ దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించనూ లేదు. అట్ట కాసులపేరు దగ్గరా జవాబు లేదు, కానీ ఉన్నట్టు కనిపిస్తుంది. నా అభ్యంతరం దానిమీదే.

అభ్యాసం కోసం ఖాకీ కాగితం ఒక తావు తీసుకోండి. వాలు వెంట కొన్ని ముక్కలు, అడ్డంగా కొన్ని ముక్కలు మడిచి దారానికి గుచ్చండి. మణికట్టుకు కట్టుకుని ఒక సాయంత్రమంతా మీ పనులు చేసుకోండి. చెమటకు ఎక్కడ మెత్తబడిందో, ఏ మడత ముందు వాలిపోయిందో, ఎవరు చూసి ఏమన్నారో రాయండి. అందం గురించి ఆ తర్వాత రాయండి.