తొట్టిలో పశుపోషణ

వానపాముల ఎరువు గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది చెత్త దగ్గరే మొదలుపెడతారు: "రోజుకి ఎంత వేయొచ్చండీ?" అని. అడగాల్సింది వాటికి రోజుకి ఎంత మేత కావాలని. ఆ తొట్టిలో ఉన్నవి ప్రాణాలు. వాటికి ఆకలి ఉంది, దాహం ఉంది, ఎండదెబ్బ ఉంది. ఇంట్లో గేదె ఉన్నవాళ్లు ఊరెళ్లే ముందు కుడితి ఎవరు పెడతారని ఆలోచిస్తారే, ఇక్కడా అంతే. చెత్త తగ్గడం, ఎరువు రావడం ఆ పోషణ బాగుంటే వాటంతట అవే జరుగుతాయి.

నా బాల్కనీలో ఉన్నది అడుగున చిల్లులు పెట్టిన మామూలు తొట్టి. అందులో కొబ్బరి పీచు, దానిమీద ఎండుటాకులు, ఆపైన మాగిన పేడ. పచ్చిపేడ వేస్తే కుళ్లేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి పురుగులు మిగలవు. పదిహేను ఇరవై రోజులు నీడలో మాగనివ్వాల్సిందే. అన్నిటికీ పైన తడి గోనెసంచి. పొద్దున్నే ఆ గోనె అంచు ఎత్తి చూడటం నాకెంతో ఇష్టం. వెలుతురు తగలగానే సన్నటి ఎర్రటి ఒళ్లు గబగబా లోపలికి జారిపోతాయి. కళ్లు లేకపోయినా వెలుగు తెలుస్తుంది వాటికి. ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి కాబట్టి ఒంటిమీద తడి ఆరకూడదు. పళ్లూ లేవు. మింగిన ఇసుక రేణువులే కడుపులో మేతను నూరిపెడతాయి, అందుకే అప్పుడప్పుడు పిడికెడు మట్టి చల్లుతాను. ఓపిగ్గా చూస్తే గుడ్ల సంచులు కనిపిస్తాయి. ఆవగింజకన్నా కాస్త పెద్దవి, నిమ్మకాయ ఆకారం, లేత పసుపు. పిల్లలు బయటికొచ్చే వేళకి ఎర్రబడతాయి. అవి కనిపిస్తే తొట్టి బాగున్నట్టే, నేను వేరే పరీక్ష పెట్టను.

చార్లెస్ డార్విన్ తన చివరి పుస్తకం వీటిమీదే రాశాడు. 1881లో అది వచ్చింది, మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. వానపాములున్న కుండీల దగ్గర పియానో వాయిస్తే అవి కదల్లేదట. అదే కుండీని పియానో మీద పెట్టి మీట నొక్కితే చప్పున బొరియల్లో దూరాయట. శబ్దం వినపడదు, అదురు మాత్రం తెలుస్తుంది. మీ తొట్టిని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి.

అయితే డార్విన్ చూసినవి నేలలో ఉండేవి. తొలకరికి మన పొలాల్లో బయటపడే ఎర్రలు కూడా ఎక్కువగా అలాంటివే. వాటికి లోతైన మట్టి కావాలి, తెచ్చి తొట్టిలో వేస్తే బతకవు. తొట్టికి కావాల్సినవి పైపైన, కుళ్లే ఆకుల్లో బతికే రకాలు: ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే, మన దేశవాళీ పెరియోనిక్స్.

ఇక మేత. మన వంటింట్లో పులుపు, కారం, ఉప్పు ఎక్కువ. చారు పెట్టాక మిగిలిన చింతపండు పిప్పి, నిమ్మ డిప్పలు, ఉల్లి వెల్లుల్లి పొట్టు, పచ్చిమిర్చి తొడిమలు కొంచెమైతే పర్లేదు. గుప్పెడేసి వేస్తే పురుగులు తొట్టి అంచులెక్కి పారిపోతాయి. ఊరగాయ టెంకలు, నూనె, మాంసం, పెరుగన్నం అసలే వద్దు. ఉప్పు వాటి ఒంట్లోని తడిని లాగేస్తుంది. సొరకాయ చెక్కు, తోటకూర కాడలు, అరటి తొక్కలు, కడిగిన టీపొడి, పొడిచేసిన గుడ్డు పెంకులు ఇష్టంగా తింటాయి. బీరకాయ పొట్టు కూడా బాగా తింటాయి, మీ ఇంట్లో పచ్చడికి పోగా మిగిలితే. నేను ముక్కలు చేసి, ఒకట్రెండు రోజులు వడలనిచ్చి, ఓ మూల వేసి ఎండుటాకు కప్పుతాను. అవి తినేది తాజా ముక్కను కాదు, మెత్తబడిన దాన్ని, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను. పాతది కనుమరుగయ్యాకే కొత్తది వేయాలి. అన్నీ అనుకూలిస్తే రోజుకి తమ బరువులో సగం దాకా తింటాయి. కొత్తలో అందులో సగం పెట్టినా ఎక్కువే.

"అక్కా, వాసన రాదా?" అని పక్కింటి అమ్మాయి అడిగింది. వచ్చిందంటే మేత ఎక్కువైంది, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. గుప్పెడు తీసి పిండితే ఒకట్రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో కలపాలి.

అసలు పరీక్ష మన ఎండాకాలం. ఇరవై నుంచి ముప్ఫై డిగ్రీల దాకా వాటికి సుఖం, ముప్ఫై అయిదు దాటితే ప్రాణసంకటం. మే నెలలో మన ఊళ్లు నలభై దాటతాయి. ఎండ పడని చోటికి తొట్టి మార్చాలి, గోనె రోజుకి రెండు మూడు సార్లు తడపాలి, మేత తగ్గించాలి. వీలైతే ప్లాస్టిక్ మాని మట్టి తొట్టి వాడాలి, దాని గోడలు చెమర్చి చల్లగా ఉంటాయి. చీమలు రాకుండా స్టాండు కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టాలి.

ఎరువు టీపొడిలా నల్లగా రవ్వరవ్వగా అయ్యాక, మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపి వెలుతుర్లో కుప్ప పోస్తే పురుగులు అడుక్కి దిగుతాయి. పైనుంచి తీసుకుని జల్లించుకోవడమే. ఆ గుడ్ల సంచులు మాత్రం ఏరి తిరిగి తొట్టిలో వేయండి.

మొదలుపెట్టే ఆలోచన ఉంటే ఎండలు ముదిరేదాకా ఆగకండి. కార్తీకంలో చల్లబడగానే అరకిలో పురుగులు తెచ్చుకోండి. చాలాచోట్ల కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దొరుకుతాయి. వేసవి వచ్చేసరికి వాటి సంఖ్యా పెరుగుతుంది, మీ చేతికి తడి అంచనా కూడా వస్తుంది.