పగటి వేషం వేసే సర్వర్

2022 నవంబరులో ట్విటర్‌తో విసిగిన సెక్యూరిటీ నిపుణులు పెద్ద సంఖ్యలో ‘ఇన్ఫోసెక్ డాట్ ఎక్స్ఛేంజ్’ అనే మాస్టడాన్ సర్వర్‌లో చేరారు. పోర్ట్‌స్విగర్ అనే సెక్యూరిటీ సంస్థ పరిశోధకుడు గారెత్ హేయ్స్ కూడా వారిలో ఉన్నారు. ఆ సర్వర్ నడిచేది గ్లిచ్ అనే మాస్టడాన్ శాఖ మీద. అందులో పోస్టుల్లో కొద్దిపాటి హెచ్‌టీఎంఎల్ రాయనిస్తారు. ‘:వెరిఫైడ్:’ అని టైపు చేస్తే సర్వర్ దాని బదులు టిక్కు బొమ్మ పెడుతుంది. హేయ్స్ ఆ మాటను తీసుకెళ్లి ఒక ట్యాగులోని టైటిల్ అట్రిబ్యూట్ కోట్స్ మధ్య పెట్టారు. బొమ్మ వచ్చి చేరగానే, దాని వెంట వచ్చిన కోట్స్ ముందున్న కోట్స్‌ను మూసేశాయి. ఇక పోస్టులోకి ఏ హెచ్‌టీఎంఎల్ అయినా దూరుతుంది. నకిలీ లాగిన్ ఫారం పెట్టారు, క్రోమ్ దాన్ని పాస్‌వర్డ్‌తో నింపింది. పోస్టు కింద ఉండే బటన్ల వరసను అచ్చుగుద్దినట్టు పోలిన నకిలీ వరసను పోస్టులో పెట్టారు. ఎవరైనా నొక్కితే పాస్‌వర్డ్ బయటికి పోతుంది. ఇందులో జావాస్క్రిప్టు ఒక్క ముక్క కూడా లేదు!

అంతా చూపించి, మరమ్మతు చేయించి, ఆపైన ప్రపంచానికి చెప్పారాయన. ఇంత సొగసైన పని ఏ రెడీమేడ్ స్కానరూ చేయలేదు.

మాస్టడాన్, పిక్సెల్‌ఫెడ్, ప్లెరోమా, మిస్కీ వంటి సాఫ్ట్‌వేర్ల మీద నడిచే వేలాది సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌తో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ సమూహమే ఫెడివర్స్. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ ఈ ప్రోటోకాల్‌ను 2018 జనవరి 23న ప్రమాణంగా ప్రకటించింది. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసిన 2019 గొడవలో మన దేశంలో చాలామంది మాస్టడాన్ పేరు మొదటిసారి విన్నారు. చరిత్ర ఇంతే చాలు, అసలు విశేషం పనితనంలో ఉంది.

మామూలు వెబ్‌సైటు దగ్గరికి జనం వస్తారు. ఫెడివర్స్ సర్వర్ దగ్గరికి సాటి సర్వర్లు వస్తాయి, ఇది కూడా లేచి వాటి దగ్గరికి వెళ్తుంది. లింకు కనబడితే ఆ పేజీ తెస్తుంది, ఫొటో తెస్తుంది, సంతకం సరిచూడటానికి అవతలివాడి తాళంచెవి తెస్తుంది. దాడి చేసేవాడు దీని తలుపు తట్టనక్కర్లేదు, దీన్నే తన గుమ్మం దాకా రప్పించుకోవచ్చు. కాబట్టి దీన్ని పరీక్షించే టూల్ బయట నిలబడి పోర్టులు లెక్కపెడితే లాభం లేదు. అదే ఒక సర్వర్ అయి కూర్చోవాలి. పాత రోజుల్లో పగటి వేషగాళ్లు తహసీల్దారు వేషంలో ఊళ్లోకి దిగితే కరణం కూడా లేచి నిలబడేవాడట. టూల్ వేసే వేషమూ అంత నమ్మకంగా ఉండాలి. సొంత డొమైన్, సొంత సర్టిఫికెట్, సొంత తాళంచెవులు, అడిగితే జవాబిచ్చే వెబ్‌ఫింగర్, అన్నీ అచ్చం అసలైనవే అనిపించాలి.

వేషం కుదిరాక మొదట చెప్పవలసింది నిజం. నకిలీ సర్వర్ నుంచి అన్ని విధాలా సక్రమమైన పోస్టు ఒకటి పంపి, అది అవతల కనిపించిందో లేదో చూడాలి. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్క అంశం మార్చి మళ్లీ పంపాలి. ఒకసారి డైజెస్టు మరో పోస్టుది, ఇంకోసారి తేదీ పాతది, మరోసారి సంతకం ఒకరిది, రాసినట్టు చెప్పుకున్న పేరు మరొకరిది. రెండు అబద్ధాలు ఒకేసారి పంపితే సర్వర్ దేన్ని పట్టుకుందో తేలదు. ముందుగా నిజం పంపకపోతే ఇంకా ప్రమాదం. పాడైపోయి దేన్నీ తీసుకోని సర్వర్ కూడా అన్ని టెస్టులూ దర్జాగా పాసవుతుంది.

2024 ఫిబ్రవరిలో మాస్టడాన్ 4.2.7తో మూసిన సీవీఈ-2024-25623 లోపాన్ని తీసుకుందాం. యూజర్లు అప్‌లోడ్ చేసే ఫైళ్లను అదే డొమైన్ మీద ఉంచే సర్వర్లు ఉన్నాయి. అక్కడ ఎవరైనా ఒక ఫైలు పెట్టి, అందులో ‘ఇది ఈ సర్వర్‌లోని ఫలానా వ్యక్తి రాసిన పోస్టు’ అని యాక్టివిటీ స్ట్రీమ్స్ పద్ధతిలో రాయవచ్చు. మాస్టడాన్ ఆ ఫైలును తెచ్చుకుని కంటెంట్ టైప్ చూడకుండానే నమ్మేసేది. డొమైన్ నిజమైనదే కనుక పోస్టు కూడా నిజమేననుకునేది. దీనికి మంచి టెస్టు ఎలా ఉంటుందంటే, నకిలీ సర్వర్‌లో ఒకే పోస్టును రెండు చోట్ల ఉంచాలి, ఒకటి సరైన కంటెంట్ టైప్‌తో, రెండోది మామూలు టెక్స్టు ఫైలుగా. రెండింటిలోనూ ఇంకెక్కడా దొరకని యాదృచ్ఛిక అక్షరాల గుర్తులు వేర్వేరుగా దాచాలి. సెర్చ్ బాక్సులో రెండు లింకులూ ఇచ్చి తెమ్మనాలి. మొదటి గుర్తు కనిపించి, రెండోది కనిపించకపోతేనే పాస్.

ఇక్కడే తొందరపాటు టూల్స్ బోర్లా పడతాయి. మాస్టడాన్ ఇన్‌బాక్సుకు ఏదైనా పంపితే, సంతకం సరిపోగానే 202 అని జవాబు వస్తుంది. ‘అందింది, తర్వాత చూస్తా’ అని దాని అర్థం. అసలు విచారణ వెనకాల సైడ్‌కిక్ అనే పనుల క్యూలో జరుగుతుంది. తెలిసినవాడు రాసిన టూల్ 202ను పట్టించుకోదు. అబద్ధం వెనకాలే ఒక నిజం పంపి, ఆ నిజం టైమ్‌లైన్‌లో కనిపించాక ఇంకాస్త ఆగి, అప్పుడు అబద్ధం కోసం వెతుకుతుంది. తెలియనివాడి టూల్ 202 చూడగానే ‘హ్యాక్ అయింది’ అని ఎర్ర అక్షరాల్లో కేకపెడుతుంది.

ఇంకో మెలిక ఉంది. ల్యాప్‌టాప్‌లో రెండు సర్వర్లు పెట్టుకుంటే అవి లోపలి నెట్‌వర్క్ అడ్రసుల మీద ఉంటాయి. అలాంటి అడ్రసులకు మాస్టడాన్ వెళ్లదు, క్లౌడ్ రహస్యాలు దొరికే 169.254.169.254 వంటి చోట్లకు ఎవరూ దాన్ని తోలకుండా ఆ కాపలా పెట్టారు. టెస్టు కోసమని ‘అలౌడ్ ప్రైవేట్ అడ్రసెస్’ సెట్టింగ్‌లో నెట్‌వర్క్ మొత్తాన్ని వదిలేస్తే, పరీక్షించవలసిన కాపలాను తామే తీసేసినట్టవుతుంది. నేర్పరులు నకిలీ సర్వర్ అడ్రసు ఒక్కదాన్నే అనుమతించి, అక్కడి నుంచి రీడైరెక్ట్‌తో సర్వర్‌ను నిషిద్ధ అడ్రసుకు పంపి చూస్తారు. యూఆర్‌ఎల్‌ను ఒక లైబ్రరీ ఒకలా, మరొకటి ఇంకోలా చదవడంలోనే ఎంత దోపిడీ దాగి ఉందో తైవాన్ పరిశోధకుడు ఆరెంజ్ సాయ్ 2017లో బ్లాక్ హ్యాట్ వేదిక మీద చూపించారు. ఆ ప్రసంగం చూడకుండా ఈ పనికి కూర్చోకూడదు.

ఈ విద్యకు వంశవృక్షం కూడా ఉంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బార్టన్ మిల్లర్ 1988లో ఫోన్ లైన్ మీద కంప్యూటర్ వాడుతుంటే తుఫాను రొద వల్ల పిచ్చి అక్షరాలు దూరి ప్రోగ్రాములు కూలిపోయాయట. ఆ చిరాకులోంచే ఫజింగ్, అంటే కావాలనే పిచ్చి ఇన్‌పుట్ ఇచ్చి ప్రోగ్రాము కూలుతుందేమో చూసే పద్ధతి పుట్టింది. ఫిన్లండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయం ప్రోటోస్ జట్టు దాన్ని ప్రోటోకాల్స్ మీదికి మళ్లించింది. అక్కడి నుంచి వచ్చిన కోడెనోమికాన్ సంస్థ 2014లో గూగుల్ ఇంజినీర్ నీల్ మెహతాతో సమాంతరంగా హార్ట్‌బ్లీడ్ అనే లోపాన్ని పట్టుకుంది. ఇవాళ ఫెడివర్స్‌లో డేరియస్ కజేమీ యాక్టివిటీపబ్ ఫజర్, సర్వర్లను జతకూర్చి మాట కలుస్తుందో లేదో చూసే ఫెడిటెస్ట్ ఉన్నాయి. రెండూ ముచ్చటైన పనులే. అయితే అవి ప్రధానంగా పొత్తు కుదురుతుందా అని చూసేవి. అబద్ధమాడే పొరుగువాణ్ణి పట్టే టూల్ ఇంకా పూర్తిగా తయారుకాలేదు.

దాని అవసరం ఎంతో పిక్సెల్‌ఫెడ్ చూపించింది. ఫెడివర్స్‌లో తాళం వేసుకున్న ఖాతాను ఫాలో కావాలంటే ఆ ఖాతాదారు ‘ఆక్సెప్ట్’ పంపాలి. 2025 మార్చిలో 0.12.5 వచ్చేదాకా పిక్సెల్‌ఫెడ్ ఆ అంగీకారం కోసం ఆగేది కాదు. ఆ పిక్సెల్‌ఫెడ్ సర్వర్‌లో అసలైన ఫాలోయరు ఒక్కరున్నా చాలు, ప్రైవేట్ పోస్టులు అక్కడికి చేరేవి, వాటిని పిలవని పేరంటానికి వచ్చినవాళ్లూ చూసేవారు. నష్టపోయింది పిక్సెల్‌ఫెడ్ యూజర్లు కూడా కాదు, తమ సర్వర్‌ను నిక్కచ్చిగా నడుపుకుంటున్న ఇతరులు! ఆక్సెప్ట్ పంపకుండా ఊరుకునే నకిలీ సర్వర్ ఒక్కటి ఉంటే ఇది ఎప్పుడో తేలేది.

ఇంతటి విద్య పేరు చెప్పుకుని ఇవాళ బజార్లో నడుస్తున్న వ్యాపారం చూస్తే ఒళ్లు మండుతుంది. అమీర్‌పేట గోడల మీద ఎటు చూసినా ఎథికల్ హ్యాకింగ్ బోర్డులే. నేర్పేదేమో స్కానర్ బటన్ నొక్కడం, పీడీఎఫ్ దించడం. ‘ఫలానా హెడర్ లేదు, వెర్షన్ బయటికి కనిపిస్తోంది’ అని పేజీలకు పేజీలు వస్తాయి. సంతకం సరిచూస్తోందా, ఎవరి మాటను ఎవరి పేరుతో నమ్ముతోంది అనే ఊసే ఉండదు. దీనికి తోడు ఇప్పుడు ఏఐ రాసిపెట్టే దొంగ రిపోర్టులు. కర్ల్ అనే టూల్ సృష్టికర్త డానియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరి నుంచి వాటి మీద మొత్తుకుంటూనే ఉన్నారు. అసలైన లోపాలు ఇలా దొరకవు. 10కి 9.9 తీవ్రత ఉన్న ‘టూట్‌రూట్’ లోపం 2023లో ఎలా దొరికింది? మొజిల్లా డబ్బు పెడితే క్యూర్53 అనే సెక్యూరిటీ సంస్థ మనుషులు కూర్చుని మాస్టడాన్‌ను గాలిస్తే దొరికింది. ఒక్క మీడియా ఫైలుతో సర్వర్‌ను స్వాధీనం చేసుకోగల లోపమది.

పనితనానికి దక్కే ప్రతిఫలం మరీ చిన్నది. 2025లో నివెన్లీ ఫౌండేషన్ ప్రకటించిన ఫెడివర్స్ సెక్యూరిటీ ఫండ్ తీవ్రమైన లోపానికి 250 డాలర్లు, అతి తీవ్రమైన లోపానికి 500 డాలర్లు ఇస్తానంది. ఆ మాత్రం ముందుకొచ్చినందుకే వాళ్లకు దండం పెట్టాలి.

తెలుగు నేల మీద ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు, ఫైనలియర్ ప్రాజెక్టుల పేరిట అవే పాత అటెండెన్స్ యాప్‌లు ఏటేటా కొనుక్కునే పిల్లలకూ కొదవ లేదు. వాళ్లు ఇటు రావాలి. ఊరివాళ్ల సర్వర్ల జోలికి పోకూడదు, అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద జైలు శిక్ష పడవచ్చు. సొంత ల్యాప్‌టాప్ చాలు. మాస్టడాన్, మిస్కీ, పిక్సెల్‌ఫెడ్‌ల పాత సెక్యూరిటీ ప్రకటనలు బహిరంగంగానే ఉన్నాయి. తలా ఒకటి తీసుకుని, పాత వెర్షన్ మీద ఫెయిలై కొత్త వెర్షన్ మీద పాసయ్యే టెస్టు ఒక్కటి రాసి ఆ ప్రాజెక్టుకే పంపించాలి. పిక్సెల్‌ఫెడ్ ఆక్సెప్ట్ కథ మొదటి మెట్టుగా బాగుంటుంది. 0.12.5నూ దాని ముందు వెర్షన్‌నూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది.