చిన్న కంట్లో పెద్ద పని

పుట్టిన బిడ్డ కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దయ్యాక దాదాపు 23. అంతకన్నా చిన్న కంటితో, పైగా శుక్లంతో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ చేసే చేతిని మెచ్చుకోవాల్సింది వేగానికి కాదు, నిగ్రహానికి. మైక్రోస్కోపు కింద, మిల్లీమీటరు పాటి కోతల్లోంచి మబ్బు పట్టిన కటకాన్ని తీసేసి, చాలాసార్లు కొత్తది పెట్టకుండా అక్కడితో ఆగుతారు. పని సగమే కదా అనిపించొచ్చు. కానీ ఇరుకు కంట్లో కటకం పెడితే వాపు, మళ్లీ కోత తప్పని ముప్పు పెరుగుతాయి. కన్ను ఎదిగేకొద్దీ పవరూ మారుతుంది. పోనీ, ఎదిగాకే చేయొచ్చుగా? తొలి నెలల్లో స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడు చూపు నేర్వదు. తిరుపతిలో 2019లో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి లాంటివి చిత్తూరు పల్లెలకు చేరువలో ఉండాల్సింది అందుకే. పనిలో ఆ మిగతా సగం ఆపరేషన్ తర్వాత సాగుతుంది: మందపాటి కళ్లద్దాలు, నీటికాసులు వస్తే ముందే కనిపెట్టే పరీక్షలు, ఏళ్ల తరబడి ఓపిక.