చిన్న తూటాతో అసలు గురి

అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే ముందు మొయినాబాద్, ఆ పైన చేవెళ్ల. రోడ్డుకు రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు, వాటి వెనక ఇంజనీరింగ్ కాలేజీలు, ఫామ్‌హౌస్‌లు. ఈ దారిలో తుపాకీ ముచ్చట రెండు రకాలుగా వినిపిస్తుంది. ఎన్‌సీసీ కుర్రవాళ్లు క్యాంపులో పేల్చిన పాయింట్ టూటూ గురించి, ఎవరి గుండు ఎక్కడ పడిందన్న దాని గురించి చెప్పుకుంటారు. ఫోన్‌లో విదేశీ వీడియోలు చూసినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు: అచ్చం మిలిటరీ కార్బైన్‌లా, అంటే సైన్యపు పొట్టి రైఫిల్‌లా ఉండి, చవకైన .22 తూటా పేల్చే రైఫిల్ ఒకటి తీసుకుని ప్రాక్టీసు చేయొచ్చా? ఈ ప్రశ్నకు జవాబు ఆ ఎన్‌సీసీ పిల్లల చేతుల్లోనే ఉందని నా నమ్మకం. వాళ్లు పట్టుకున్న రైఫిల్‌ది నూరేళ్లు దాటిన వంశం.

సైన్యపు తుపాకీని చిన్న తూటాతో సాధన చేయడం 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1880ల నాటి బ్రిటిష్ సైన్యంలో మార్టినీ-హెన్రీ రైఫిల్ గొట్టంలోకి సన్నని మోరిస్ ట్యూబ్ దూర్చి, చిన్న తూటాలతో తక్కువ దూరంలో గురి నేర్పేవారు. ఆ తర్వాత వచ్చిన బోయర్ యుద్ధం (1899–1902) వాళ్ల కళ్లు తెరిపించింది. దక్షిణాఫ్రికా రైతులు దూరం నుంచి గురి తప్పకుండా కొడుతుంటే, సైనికుల గురి ఎంత పలచనో బయటపడింది. సామాన్యులకూ గురి నేర్పాలని 1901లో బ్రిటన్‌లో చిన్న బోరు రైఫిల్ క్లబ్బుల సంఘం పుట్టింది. ఆ ఉద్యమానికి పెద్ద దిక్కు లార్డ్ రాబర్ట్స్.

రాబర్ట్స్ పేరు తెలుగువాళ్లు మరచిపోకూడనిది. ఆయన 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సర్వసేనాని. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉన్నది ఆ సైన్యమే, అందులో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. దక్షిణాది సిపాయిలు యుద్ధానికి పనికిరారని తేల్చి, ఉత్తరాది ‘యోధజాతుల’ వైపు భర్తీని మళ్లించినవాళ్లలో రాబర్ట్స్ ముఖ్యుడు. గురి అనేది సాధనతో ఎవరికైనా వస్తుందని ఇంగ్లండులో ప్రచారం చేసిన మనిషే ఇక్కడి మనుషుల విషయంలో పుట్టుకను కొలమానంగా పెట్టుకున్నాడు. ఆ తీర్పు తప్పని చెప్పడానికి ఇవాళ హైదరాబాద్ షూటర్ల పతకాలు చాలు. వాళ్ల సంగతి తర్వాత.

సాధన రైఫిళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చినది 1921లో వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 మార్క్ 4. అప్పటి సైనికుడి భుజాన ఉన్న .303 రైఫిలే ఇది. కర్ర అదే, బోల్టు పిడి అదే, సైట్లు అవే, బరువు కూడా దాదాపు అంతే, నాలుగు కిలోల చిల్లర. మారింది గొట్టం లోపలి బోరు, బోల్టు తల మాత్రమే. తూటాలు ఒక్కొక్కటిగా చేత్తో పెట్టాలి. కింద ఉండే .303 మ్యాగజైన్‌లో లోపలి స్ప్రింగు తీసేసి ఖాళీ డబ్బాగా ఉంచేవారు. బోల్టు లాగగానే కాలిన ఖోకా, అంటే తూటా ఇత్తడి తొడుగు, అందులో పడేది. ఇంత చిన్న ఏర్పాటుతో సైనికుడు తన సొంత తుపాకీతోనే సాధన చేసినట్టయ్యేది.

ఇక తూటా సంగతి. .22 లాంగ్ రైఫిల్ తూటా అమెరికాలో 1887లో పుట్టింది. పెద్ద తూటాల్లో నిప్పు పుట్టించే మందు అడుగున మధ్యలో ఒక చిన్న మూతలో ఉంటుంది. ఇందులో అది అడుగు అంచు చుట్టూ ఉన్న మడతలో ఉంటుంది. పిన్ను ఆ అంచును నొక్కితే పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. అంచు నలగాలి కాబట్టి ఖోకాను పలచటి ఇత్తడితో చేస్తారు. పలచటి ఇత్తడి ఎక్కువ ఒత్తిడిని తట్టుకోలేదు కాబట్టి మందు కొద్దిగానే వేస్తారు. చవకతనం, తక్కువ మోత, భుజానికి తక్కువ తన్ను, మూడూ ఇక్కడి నుంచే వచ్చాయి. గుండు బరువు సుమారు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 330 మీటర్ల దరిదాపు. .303 గుండు మోసుకెళ్లే శక్తి దీనికి 20 రెట్లకు పైనే.

మన ఎన్‌సీసీ క్యాడెట్‌కు ఇచ్చే .22 డీలక్స్ రైఫిల్ బరువు సుమారు 2.8 కిలోలు. కాల్చే దూరం 25 గజాలు. నేల మీద పరిచిన దరీపై బోర్లా పడుకుని, కాళ్లు ఎడంగా చాచి, మడమలు నేలకు ఆనించాలి. ఎడమ మోచేయి రైఫిల్‌కు సరిగ్గా కిందికి రావాలి. కొత్తవాళ్లు దాన్ని పక్కకు పెడతారు, అప్పుడు బరువంతా కండరాల మీద పడి రెండు నిమిషాల్లో చెయ్యి వణుకుతుంది. బట్టును భుజం గుంటలో ఒత్తి, చెంపను ప్రతిసారీ కర్ర మీద అదే చోట ఆనించాలి. వెనక సైటు, ముందు సైటు కొన, నల్ల చుక్క అడుగు అంచు ఒకే వరుసలోకి రావాలి. చూపు మాత్రం ముందు సైటు కొన మీదే నిలవాలి. టార్గెట్ కాస్త మసకగా కనిపించినా ఫర్వాలేదు.

ఊపిరి తీసుకుని, సగం వదిలి, బిగబట్టాలి. ఆ కొన్ని సెకన్లలో ట్రిగ్గర్‌ను వేలి మొదటి కణుపు మెత్తదనంతో నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. ఎప్పుడు పేలుతుందో కాల్చేవాడికే తెలియనంత నెమ్మదిగా. పేలాక కూడా కదలకుండా ఒక క్షణం అలాగే ఉండాలి. ఇలా ఐదు గుండ్లు. నేర్పే ఉస్తాద్ టార్గెట్ తీసుకొచ్చి ముందుగా చూసేది నడిమి చుక్కను కాదు, ఐదు చిల్లులూ ఎంత దగ్గరగా పడ్డాయన్నది. గుత్తిగా ఒక మూల పడితే తప్పు సైటుది, సరిచేస్తే సరిపోతుంది. చెల్లాచెదురుగా పడితే తప్పు మనిషిది. నిలువుగా చీలితే ఊపిరి మీద, అడ్డంగా చీలితే ట్రిగ్గర్ వేలి మీద అనుమానపడతారు. ఇరవై అయిదు గజాల దగ్గర ఒక సెంటీమీటరు తేడా మూడు వందల గజాల దగ్గర 12 సెంటీమీటర్లు అవుతుంది. చిన్న రేంజిలో దొర్లిన ప్రతి తప్పునూ ఈ లెక్కతో గుణించి చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం: మిలిటరీ కార్బైన్ నమూనాలో ఏం చూసి ఎంచుకోవాలి? అమెరికన్ ఎం1 కార్బైన్‌ను 1941లో ఆమోదించారు, యుద్ధం ముగిసేలోగా 60 లక్షలకు పైగా తయారయ్యాయి. దానికి పశ్చిమ జర్మనీలో ఎర్మా కంపెనీ .22 నమూనా చేసింది. ఇటలీ కంపెనీ కియాప్పా కూడా చేసింది. నేటి ఎం4 కార్బైన్‌కు కోల్ట్ పేరుతో జర్మనీలో వాల్తర్ చేసిన .22 నమూనా ఉంది. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లు కొందరు రేంజికి వెళ్లినప్పుడు ఎంచుకునేది ఇలాంటివాటి మధ్యే. వాళ్లకు నా సలహా ఒక్కటే: రూపాన్ని ఆఖరున చూడండి. ముందు సైట్లు అసలు తుపాకీ సైట్లలాగే ఉన్నాయా, సేఫ్టీ మీట అదే చోట ఉందా, మ్యాగజైన్ విడిపించే మీట అదే వేలికి అందుతుందా, ట్రిగ్గర్ ఎంత బరువుగా కదులుతుంది, ఇవి చూడాలి. ఆ తర్వాత బరువు. బయటికి అచ్చు గుద్దినట్టున్న నమూనాలు కొన్ని లోపల ప్లాస్టిక్కు, జింకు మిశ్రమాలతో తేలిపోతాయి. తేలిక తుపాకీతో అలవాటైన చెయ్యి బరువు తుపాకీ దగ్గర మళ్లీ మొదటికొస్తుంది. తనంతట తాను తూటా ఎక్కించుకునే రకాలు నిదానపు తూటాలతో తరచు మొరాయిస్తాయి కాబట్టి ఏ తూటా సరిపడుతుందో కాల్చి చూసుకోవాలి. గురి నేర్చుకునే తొలినాళ్లలో ఒక్కో తూటా చేత్తో పెట్టే బోల్టు రైఫిలే మేలని నేనంటాను. గుండుకూ గుండుకూ మధ్య ఆలోచించే తీరిక దొరుకుతుంది.

రిమ్‌ఫైర్‌కు దాని జాగ్రత్తలు దానికున్నాయి. పాత .22 రైఫిళ్లలో తూటా లేకుండా ట్రిగ్గర్‌ను టక్కుటక్కుమని నొక్కితే పిన్ను గొట్టం అంచుకు తగిలి రెండూ దెబ్బతింటాయి. ఖాళీ సాధన చేయాలంటే లోపల కాలిన ఖోకా పెట్టాలి. పేలని తూటాలు పెద్ద తూటాల్లో కన్నా ఎక్కువ తగులుతాయి. అప్పుడు మూతిని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాకే బోల్టు తెరవాలి. ‘ఖాలీ కర్’, ‘జాంచ్ శస్త్ర్’ ఆదేశాలను ఎన్‌సీసీలో అన్నిసార్లు చేయించేది ఊరికే కాదు. ఇక .22 నేర్పలేనిది ఒకటుంది: తన్నును ఓర్చుకోవడం. కానీ తన్నుకు జడిసి కళ్లు మూసే అలవాటు మొదట పడకుండా ఉండాలన్నా ఈ చిన్న తూటాయే దారి.

మన దగ్గర అంగట్లో కార్బైన్ నమూనా దొరకదు. సామాన్యులు తుపాకీ దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం 1980ల మధ్యలోనే ఆపేసింది, పేరున్న షూటర్లకు మాత్రం మినహాయింపు ఉంది. .22 రైఫిల్‌కైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. 2019 సవరణ తర్వాత ఒక సామాన్యుడి దగ్గర ఉండగలిగేవి రెండే తుపాకులు.

చట్టం సరే, నేల సంగతీ చెప్పాలి. ఫామ్‌హౌస్‌లో ప్రహరీ ఉంది కదా, నాలుగు గుండ్లు కాల్చుకుంటే ఏమవుతుందని అనేవాళ్లున్నారు. చిన్నదనుకునే .22 గుండు ఒకటిన్నర కిలోమీటరు దాకా పోగలదు. మొయినాబాద్ మండలంలో ఎటు చూసినా అంత దూరం మనిషి లేని జాగా లేదు. పొలాల మధ్య రాతి బండలు, పక్కనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు. సీసపు గుండు రాయికి గానీ నీటికి గానీ తగిలితే దిశ మార్చుకుని లేస్తుంది. చిలుకూరు పక్కన మృగవని జాతీయ వనం ఉంది, జింకలు, నెమళ్లు తిరుగుతాయి. వాటి మీద గురి పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. వెనక ఎత్తయిన మట్టికట్ట, కాల్పులు చూసుకునే మనిషి ఉన్న రేంజిలో తప్ప ఈ తుపాకీ బయటికి తీయకూడదు.

మరి ఇక్కడి పిల్లలకు దారేది? 20 జౌళ్ల శక్తి దాటని 0.177 ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పైన చెప్పిన మోచేయి, చెంప, ఊపిరి, వేలు అన్నీ దానికీ వర్తిస్తాయి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ చుక్క మీదే. వినికిడి లోపాన్ని లెక్కచేయని ధనుష్ శ్రీకాంత్ డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిందీ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. ఆ పోటీలో వాడేది .22 రిమ్‌ఫైర్ తూటాయే.

మొయినాబాద్, చేవెళ్ల కాలేజీల యాజమాన్యాలకు ఒక విన్నపం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజికి పెద్ద మైదానం అక్కర్లేదు. కాల్చేవైపు కిటికీలూ తలుపులూ లేని పొడవాటి హాలు, గుండును ఆపే అడ్డుతెర, నేర్పే కోచ్ ఉంటే చాలు. క్యాంపులో ఐదు గుండ్లు కాల్చి వచ్చిన క్యాడెట్‌కు ఏడాది పొడవునా సాధన చేసుకునే చోటు కాలేజీలోనే ఏర్పాటు చేయండి.