పదేళ్ల తొమ్మిది నెలలు

ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి ఫైలు నా బల్ల మీదికి వస్తే ముందు జీతం కాగితాలు చూడను, సర్వీస్ బుక్ తీస్తాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పెన్షన్ పని చేసినవాళ్లకు ఇది అలవాటే. కుటుంబానికి ఒకేసారి చేతికందే డెత్ గ్రాట్యుటీ లెక్కకట్టడానికి గుణకారం వస్తే చాలు. ఆ మనిషి ఎన్నాళ్లు పనిచేసినట్టో తేల్చడమే అసలు పని.

చనిపోయిన రోజుకు ఉన్న బేసిక్, దాని మీద డీఏ కలిపి లెక్కలోకి తీసుకుంటాం. సర్వీసు ఏడాది నిండకపోతే ఆ మొత్తానికి 2 రెట్లు, అయిదేళ్ల లోపైతే 6 రెట్లు, పదకొండేళ్ల లోపైతే 12, ఇరవై లోపైతే 20. ఇరవై నిండాక ప్రతి ఆర్నెల్లకూ అర నెల జీతం చొప్పున, 33 రెట్లకు మించకుండా. మొత్తం మీద పరిమితి 2024 జనవరి 1 నుంచి 25 లక్షలు, అంతకుముందు 20 లక్షలు. సర్వీసు చివర్లో మూడు నెలలో, అంతకన్నా ఎక్కువో మిగిలితే దాన్ని నిండు ఆర్నెల్లుగా పరిగణిస్తారు. 2004 నుంచి చేరి జాతీయ పెన్షన్ విధానం (ఎన్‌పీఎస్)లో ఉన్నవారికీ ఈ రేట్లే.

బేసిక్ 50 వేలు, డీఏ 25 వేలు అనుకుందాం. 27 ఏళ్ల 2 నెలల సర్వీసుకు 27 రెట్లు, అంటే 20,25,000. ఇంకో నెల ఉంటే 37,500 పెరుగుతుంది. అదే జీతానికి 10 ఏళ్ల 8 నెలలైతే 12 రెట్లు, 9 లక్షలు. 10 ఏళ్ల 9 నెలలైతే పదకొండు నిండినట్టే, 20 రెట్లు, 15 లక్షలు. ఆ ఒక్క నెల విలువ ఆరు లక్షలు.

చనిపోయిన ఒక ఉద్యోగి సర్వీస్ బుక్‌లో మొత్తం 10 ఏళ్ల 10 నెలలు తేలాయి. మధ్యలో ఒక పేజీలో ఎర్ర సిరాతో ‘ఈఓఎల్ 45 రోజులు’ అని ఉంది, అంతే. జీతం లేని ఆ సెలవు డాక్టరు సర్టిఫికెట్ మీద పెట్టినదైతే సర్వీసులో కలుస్తుంది. సొంత పనుల మీద పెట్టినదైతే కలవదు. సొంత పనుల సెలవుగా తీసుకుంటే ఆ 45 రోజులు పోయి, సర్వీసు తొమ్మిది నెలల గీతకు ఇవతలే ఆగిపోతుంది. ఆయన భార్యను అడిగితే, ‘అప్పుడు ఆయనకు పచ్చకామెర్లండీ, నెలన్నర మంచం దిగలేదు’ అంది. ఆమె మాట మీద ఫైలు నడవదు, కాగితం కావాలి. పాత సెలవుల ఫైళ్లన్నీ దింపించాం. మంజూరు ఉత్తర్వు దొరికింది, దానికి డాక్టరు సర్టిఫికెట్ కుట్టే ఉంది. సర్వీస్ బుక్‌లోకి ఎక్కించినవారు ఆ ఒక్క మాట రాయలేదు.

చిన్న వయసులో పోయినవారి పిల్లలు ఇంకా బడికి వెళ్తుంటారు, ఇంటి అప్పు సగం కూడా తీరి ఉండదు. ఎక్కువ అవసరం ఉన్న ఇంటికి తక్కువ రెట్లు రావడం నాకు ఎప్పుడూ సరిగా అనిపించలేదు. 2016కు ముందైతే అయిదు నుంచి ఇరవై ఏళ్ల లోపు అందరికీ 12 రెట్లే. ఏడో వేతన సంఘం చలవతో పదకొండు దాటినవారికి 20 అయింది. మంచి మార్పే. కానీ పదకొండు దగ్గర మెట్టు మాత్రం నిట్టనిలువుగా మిగిలిపోయింది. అక్కడ రెట్లు ఏడాదికేడాది మెల్లగా పెరగాలని నా కోరిక.

అది జరిగేదాకా మన చేతిలో ఉన్నది సర్వీస్ బుక్కే. దాన్ని ఏటా ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలని నిబంధన ఉంది. సంతకాలు పడతాయి, పేజీలు తిప్పి చదివేవారు తక్కువ. సర్వీసు మొత్తం సరిచూసి ధ్రువపత్రం ఇచ్చేది 18 ఏళ్లు నిండాక. ఆ పచ్చకామెర్ల మనిషికి అది అందేది కాదు. ఆ తనిఖీ పదో ఏడు నిండగానే జరగాలి. ఈలోగా ఈసారి సంతకానికి పుస్తకం వచ్చినప్పుడు, డాక్టరు సర్టిఫికెట్ మీద పెట్టిన ప్రతి ఈఓఎల్ పక్కనా ‘వైద్య ధ్రువపత్రంపై’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అక్కడికక్కడే రాయించండి, ఉత్తర్వు నంబరుతో సహా.