ఫోన్ వైద్యం ఎవరికి అందింది?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అదే రోజు కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ వారంలోనే తెలుగు రాష్ట్రాల్లో మందు షాపులు, కల్లు దుకాణాలు మూతబడ్డాయి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణుకుతో, మూర్ఛలతో, భ్రమలతో జనం బారులు తీరారు. తెలంగాణలో కల్తీ కల్లులో డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలపడం కొత్త సంగతేం కాదు.

హఠాత్తుగా తాగుడు ఆగితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. దానికి వాడే మందుల్లో డైజిపాం ముఖ్యమైంది. కానీ నార్కోటిక్స్ చట్టం కిందికొచ్చే మందుల్ని ఫోన్లో రాయకూడదని ఆ మార్గదర్శకాలే నిషేధించాయి. కల్లులో కలిపేవాడికి దొరికే మందు, వణికేవాడికి డాక్టరు రాయకూడదన్నమాట! దుర్వినియోగం భయం నిజమే. అమెరికాలో ఆ భయం లేదా? అయినా అక్కడ 2020 మార్చిలోనే, నల్లమందు జాతి మత్తుకు వాడే బ్యుప్రెనార్ఫిన్‌ను ఫోన్లో మొదలుపెట్టనిచ్చారు. ఇక్కడ దాదాపు 40 రోజులకే ఆంధ్రప్రదేశ్‌లో మే 4న, తెలంగాణలో మే 6న మందు షాపులు తెరిచారు. ఖజానాకు దొరికిన సడలింపు రోగికి దొరకలేదు.

ఇంతకూ ఈ మార్గదర్శకాలు ఊహించిన రోగి ఎవరు? స్క్రీన్ ముందు కూర్చొని, తన గదిలో తలుపేసుకుని మాట్లాడగలవాడు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో ఇంటర్నెట్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 14.9 శాతమే. మాలపల్లెలో, మాదిగ గూడెంలో ఒంటిగది ఇంట్లో ఆలుబిడ్డల ముందు తన తాగుడు గురించి ఎవడు చెప్పుకుంటాడు? 2019లో వెలువడిన కేంద్ర సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. ఈ లెక్క కరోనాకు ముందుదే.

2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. వాళ్లది బుద్ధిలేనితనం అనేశారు చాలామంది. తాగుడును పేదోడి గుణంగా చూసేవాళ్లకు అది జబ్బుగా కనపడదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు నిలదీసింది మొగుళ్లను మాత్రమే కాదు, సారా అమ్మించే ప్రభుత్వాన్ని కూడా.

ఫోన్ వద్దని కాదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ (14416)కు మామూలు ఫోన్ చాలు. అయితే మాటతో ఫిట్స్ ఆగవు. ఆరోగ్య కార్యకర్త పక్కనుండి డాక్టరుతో మాట్లాడించే పద్ధతి 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. దాన్ని గూడెం దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రానికి, అక్కడ ఉండాల్సిన మందుకు ముడిపెట్టమని మనం అడగాలి. అంతవరకూ ఫోన్ వైద్యం ఉన్నోళ్ల వైద్యమే.